మా చేపల తొట్టెలో నీలి దీపం, డాక్టర్ నీల్స్ ఫిన్సెన్ కథ



మాది ఆక్లండ్‌లో చిన్న ఇల్లు. హాల్లో 120 లీటర్ల చేపల తొట్టె ఒకటి ఉంది. దాన్ని పెట్టడానికి మాకున్నది ఒకే ఒక్క చోటు, ఉత్తరం కిటికీ పక్కన. భూమధ్యరేఖకి దిగువన ఉన్నాం కాబట్టి ఇక్కడ ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుందని, ఇళ్ళ ప్రకటనల్లో నార్త్ ఫేసింగ్ అని గొప్పగా రాసుకుంటారని న్యూజీలాండ్ మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. మిగతా దేశాల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, కథలో ముందు ముందు పనికొస్తుంది.

పోయిన వేసవిలో ఆ తొట్టెలో నీళ్ళు పచ్చబడిపోయాయి. ఎండాకాలం చివర్లో మా ఊరి చెరువు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. లోపల చేపలున్నాయో లేవో కూడా తెలియదు. మూడు రోజులకోసారి సగం నీళ్ళు మార్చినా వారం తిరక్కుండా మళ్ళీ అదే రంగు. ఆఖరికి 9 వాట్ల అల్ట్రావయొలెట్ స్టెరిలైజర్ ఒకటి కొని ఫిల్టర్ గొట్టానికి తగిలించాను. ఐదో రోజుకి తొట్టె ఇవతల నుంచి చూస్తే అవతలి గోడ కనిపించింది.

మా ఏడేళ్ళవాడికి ఇదంతా చూసి ఒక సందేహం వచ్చింది. ఈ దీపం మన ట్యూబ్‌లైటు కంటే చిన్నది కదా, మరి దీనికి పాచి ఎందుకు చచ్చిపోయింది, చేపలెందుకు చచ్చిపోలేదు అని. సాఫ్ట్‌వేర్ వాడిని నేను, ఇంజనీరింగులో మాస్టర్స్ చేశాను గానీ దీపాల సంగతి అంతగా తెలియదు. జవాబు వెతుక్కుంటూ పోయి పోయి నూట పాతికేళ్ళ కిందటి కోపెన్‌హాగెన్‌లో తేలాను. అక్కడ కలిసిన మనిషి గురించే ఈ వ్యాసం.

ముందు మావాడి ప్రశ్న సంగతి చూద్దాం. సూర్యుడి వెలుగులో ఊదారంగుకి అవతల మన కంటికి కనపడని వెలుగు ఉందని 1801లో జర్మనీలో యోహాన్ రిట్టర్ అనే యువకుడు కనిపెట్టాడు. సిల్వర్ క్లోరైడ్ వెలుగు తగిలితే నల్లబడుతుంది. ఊదారంగు అయిపోయాక, ఏ వెలుగూ లేదనుకున్న చోట అది ఇంకా త్వరగా నల్లబడింది. దాన్నే మనం అతినీలలోహిత కిరణాలు అంటున్నాం. మా తొట్టె దీపంలో పాదరసం ఆవిరి ఉంటుంది. దానిలోంచి ముఖ్యంగా 254 నానోమీటర్ల కిరణం వస్తుంది. ఇది జీవకణంలో ఉన్న డీఎన్ఏని దెబ్బతీస్తుంది, దాంతో కణం రెండుగా చీలి పెరగలేదు. సూర్యుడిలోనూ ఈ కిరణం ఉంది కానీ ఓజోన్ పొర దాన్ని పైనే ఆపేస్తుంది కాబట్టి మనం బతికి ఉన్నాం.

పచ్చనీళ్ళంటే నీళ్ళలో తేలే ఏకకణ పాచి. పంపు ఆ నీళ్ళని దీపం చుట్టూ ఉన్న సన్నటి సందులోంచి తోస్తుంది. చేప ఆ సందులోకి వెళ్ళదు, కాబట్టి దానికేమీ కాదు. అద్దానికి అంటుకున్న పాచి, ఆకులమీద జుట్టులా పెరిగే పాచి కూడా అక్కడికి వెళ్ళవు, కాబట్టి వాటికీ ఏమీ కాదు! చాలామంది ఇక్కడే నిరాశపడి దీపాన్ని తిడతారు. ఫిల్టర్ స్పాంజిలో కాపురమున్న మంచి బాక్టీరియా కూడా కదలకుండా అక్కడే ఉంటుంది కనుక క్షేమం. నీళ్ళు మరీ వేగంగా పారితే కణానికి తగలాల్సినంత వెలుగు తగలదు. దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికి జిగురు పట్టినా అంతే, అప్పుడప్పుడు తీసి తుడవాలి. ఇంకో కిటుకు ఏమిటంటే, మనకి కనిపించే నీలి వెలుగు అసలు సరుకు కాదు. ఎనిమిది తొమ్మిది వేల గంటలు, అంటే దాదాపు ఏడాది వెలిగాక నీలి వెలుగు అలాగే ఉంటుంది, పని చేసే కిరణం మాత్రం బాగా తగ్గిపోతుంది. ఏడాదికోసారి దీపం మార్చమనేది అందుకే. వెలుగుతున్న దీపాన్ని బయటికి తీసి నేరుగా చూడకండి, కళ్ళు పాడవుతాయి. చేపలకి మందు వేసిన రోజుల్లో ఆపేయండి, కొన్ని మందులు ఈ వెలుగుకి విరిగిపోతాయి.

పాచి చచ్చినంత మాత్రాన దానికి మేత తగ్గదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు నీళ్ళలోనే ఉంటాయి. అందుకని దీపం ఉన్నా నీళ్ళు మార్చడం తప్పదు. ఇండియా నుంచి ఒక మిత్రుడు హార్న్‌వర్ట్ మొక్క వెయ్యి, ఆ మేతంతా అదే తినేస్తుంది అని సలహా ఇచ్చాడు. మంచి సలహానే, కానీ న్యూజీలాండ్‌లో ఆ మొక్క అమ్మడం, పెంచి పంచడం నిషిద్ధం. తొట్టెల్లోంచి వాగుల్లోకి చేరిన మొక్కలు ఇక్కడి సరస్సుల్ని ఎంత పాడుచేశాయో ఈ దేశానికి బాగా తెలుసు.

చూశారా, మొత్తం వ్యవహారం మూడు లెక్కల మీద నడుస్తోంది. వెలుగు ఎక్కడ పడుతోంది, ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఏమి అడ్డు వస్తోంది. ఈ మూడు లెక్కల్నీ మనుషుల ముఖాలమీద, ఓపిగ్గా, ఏళ్ళ తరబడి వేసిన డాక్టరు నీల్స్ రూబర్గ్ ఫిన్సెన్. వైద్యంలో 1903 నోబెల్ బహుమతి ఆయనదే. డెన్మార్క్‌కి వచ్చిన మొదటి నోబెల్ కూడా అదే.

ఫిన్సెన్ 1860 డిసెంబరు 15న ఫారో దీవుల్లో, టోర్స్‌హావ్న్ అనే ఊళ్ళో పుట్టారు. స్కాట్లండ్‌కి, ఐస్లాండ్‌కి మధ్య సముద్రంలో ఉన్న 18 దీవులవి. గాలి, వాన, కొండలు, ఎటు చూసినా గొర్రెలు. ఇక్కడ సౌత్ ఐలండ్ చూసినవాళ్ళకి ఊహించుకోవడం కష్టం కాదు. తేడా అంతా వెలుగులోనే ఉంది. అక్కడ డిసెంబరులో పగలు ఐదు గంటలే. ఆ ఐదు గంటల్లో కూడా మబ్బు పట్టకపోతే కదా ఎండ!

కుటుంబం ఐస్లాండ్ మూలాలున్నది. తండ్రి హానెస్ ప్రభుత్వ అధికారి, తర్వాత ఆ దీవులకే పెద్ద అధికారి అయ్యారు. నాలుగేళ్ళ వయసులో తల్లి పోయింది. తల్లి వైపు చెల్లెలి వరస ఆవిడని తండ్రి పెళ్ళి చేసుకున్నారు. తర్వాత పిల్లవాణ్ణి డెన్మార్క్‌లో హెర్లుఫ్స్‌హోమ్ అనే హాస్టలు బడికి పంపారు. అక్కడ చదువు సాగలేదు. మనసు మంచిదే కానీ బుర్ర అంతంతమాత్రం అని అక్కడి హెడ్‌మాస్టరు తేల్చారట. 1876లో బడి మార్చి ఐస్లాండ్‌లో రేక్యవీక్‌కి, తండ్రి చదివిన బడికే పంపారు. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఇంకో భాష, ఊరు మారినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి. మన పిల్లల్లో చాలామందికి ఈ అవస్థ తెలుసు. 1882లో 21 ఏళ్ళ వయసులో బడి ముగించినప్పుడు 15 మందిలో 11వ వాడు. ఎంసెట్ ర్యాంకుల లెక్కలో ఇటువంటి కుర్రాణ్ణి మనం ఏమని ఉండేవాళ్ళమో ఊహించుకోవచ్చు.

అదే ఏడు వైద్యం చదవడానికి కోపెన్‌హాగెన్ చేరారు. మరుసటేడు నుంచే ఆరోగ్యం చెడటం మొదలైంది. కాలేయం, గుండె, ప్లీహం చుట్టూ ఉండే పొరలు క్రమంగా మందమైపోయే జబ్బు. పొట్టలో నీరు చేరేది, రక్తం తక్కువ, నాలుగడుగులు వేస్తే ఆయాసం. దానికి అప్పట్లో మందు లేదు. పాతికేళ్ళయినా నిండని మెడికల్ విద్యార్థికి తన జబ్బు ఎటు పోతుందో పుస్తకాల్లోనే కనపడుతుంది కదా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన చేసిన పనంతా ఈ జబ్బుతో పాటే చేశారు.

ఇప్పుడు మొదట్లో నేను గుర్తుపెట్టుకోమన్న సంగతి. కోపెన్‌హాగెన్‌లో ఆయన ఉన్న ఇల్లు ఉత్తరం వైపుకి ఉండేది. ఇక్కడ ఉత్తరం ఇల్లంటే ఎక్కువ ధర, అక్కడ ఉత్తరం ఇల్లంటే ఎండ పెద్దగా రాని ఇల్లు. ఎండలో కూర్చున్న రోజున తనకి ఒంట్లో తేలిగ్గా ఉంటోందని ఆయన గమనించారు. ఎందుకు? డాక్టర్లని అడిగితే జవాబు లేదు, పుస్తకాల్లోనూ లేదు. పెరట్లో ఒక పిల్లి ఎండలో పడుకునేది, నీడ జరిగి దాని మీదకి రాగానే లేచి మళ్ళీ ఎండలోకి జరిగేది, మళ్ళీ నీడ వస్తే మళ్ళీ జరిగేది. ఆ పిల్లిని చూసి ఆయన ఆలోచనలో పడ్డారని చెబుతారు. మన ఇళ్ళల్లో ఇది తెలియనిదేం కాదు. రథసప్తమినాడు సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటాం, పసిపిల్లల్ని లేత ఎండలో పడుకోబెడతాం, పరుపులు ఎండలో వేస్తాం. అయితే ఎందుకు మంచిదో విడదీసి చూపించమంటే మన దగ్గరా జవాబు ఉండేది కాదు.

సగం జవాబు అప్పటికే ఇంగ్లండులో దొరికింది. 1877లో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు సూక్ష్మజీవులు పెరిగే ద్రావణాన్ని గాజు గొట్టాల్లో పోసి ఎండలో పెట్టారు. ఎండ తగిలిన గొట్టాలు తేటగా ఉండిపోయాయి, కప్పిపెట్టినవి మడ్డిగా మారాయి. మా తొట్టెలో జరిగినదానికి ముత్తాత లాంటి ప్రయోగం అనుకోవచ్చు. వేడి వల్ల కాదు, వెలుగు వల్లే, అందులోనూ నీలం ఊదా వైపు ఉన్న వెలుగు వల్లే సూక్ష్మజీవులు చస్తున్నాయని వాళ్ళు తేల్చారు. ఆ మాటని రోగి మంచం దాకా తీసుకెళ్ళడం ఫిన్సెన్ వంతయింది.

1890లో డాక్టరు పరీక్ష ప్యాసై, యూనివర్సిటీలోనే శరీర నిర్మాణ శాస్త్ర విభాగంలో చిన్న ఉద్యోగంలో చేరారు. 1892లో ఇంగెబోర్గ్ బాల్స్‌లెవ్‌ని పెళ్ళాడారు. నలుగురు పిల్లలు పుట్టారు, ఒక బిడ్డ పుట్టగానే పోయింది. 1893లో ఆ ఉద్యోగం కూడా మానేసి మెడికల్ విద్యార్థులకి ట్యూషన్లు చెప్పుకుంటూ మిగిలిన సమయమంతా వెలుగు మీద పెట్టారు. భార్యా పిల్లలు, నయంకాని జబ్బు, నెల జీతం లేదు. నాకిప్పుడు దాదాపు అదే వయసు. వీసా, మార్ట్‌గేజ్ లెక్కలు వేసుకునే నాలాంటి వాడికి ఆ నిర్ణయం తలుచుకుంటేనే భయం వేస్తుంది.

ఆయన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది చెయ్యి మీద చేసింది. తన చేతి మీద ఒక పట్టీలా నల్ల సిరా పూసుకుని, గట్టి ఎండలో కొన్ని గంటలు పెట్టుకున్నారు. సిరా కడిగేస్తే దాని కింద చర్మం తెల్లగా అలాగే ఉంది, మిగతా చెయ్యి ఎర్రగా కమిలింది. నల్లరంగు వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది కదా, వేడి వల్లే కమిలితే సిరా కిందే ఎక్కువ కమలాలి. కమల్లేదు. కాబట్టి చర్మాన్ని కాల్చింది వేడి కాదు, వెలుగు. అంతటితో ఆగలేదు. కమిలిన చోట చర్మం నల్లబడేదాకా ఆగి, ఈసారి సిరా లేకుండా అదే చెయ్యి మళ్ళీ ఎండలో పెట్టారు. ఇప్పుడు కథ తిరగబడింది. ముందు తెల్లగా మిగిలిన పట్టీ కమిలింది, నల్లబడ్డ చోటు తట్టుకుంది. చర్మంలో ఉన్న రంగు గొడుగులా పనిచేస్తుందని ఒక సిరా సీసాతో తేల్చేశారు. చామనఛాయ వాళ్ళం కదా, ఇది చదివినప్పుడు కాస్త సంతోషం వేసింది. అలాగని ఇక్కడి ఎండలో ధీమాగా తిరగమని కాదు. ఇవే అక్షాంశాల్లో ఉన్న ఉత్తరార్ధగోళం ఊళ్ళతో పోలిస్తే న్యూజీలాండ్ వేసవి మధ్యాహ్నం అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 40 శాతం ఎక్కువ. చర్మ క్యాన్సర్‌లో ఈ దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మిరపకాయలు పెరట్లో ఆరబోసి, ఇది గుంటూరు ఎండ కాదురా, సూదులతో పొడుస్తోంది అని లోపలికి వచ్చేసేది.

1893లోనే ఫిన్సెన్ ఇంకో ఆలోచన చెప్పారు. వెలుగులో ఊదా వైపు కిరణాలు చర్మాన్ని రేపుతాయి కాబట్టి, మశూచి రోగుల్ని ఎర్ర తెరలు కట్టిన గదుల్లో ఉంచితే పొక్కులు చీము పట్టవు, మచ్చలు తగ్గుతాయి అని. అమ్మవారు పోసినప్పుడు మన ఊళ్ళల్లో జనం ఏమేం చేసేవారో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ రోజుల్లో యూరప్ కూడా అంతకన్నా గొప్ప స్థితిలో ఏమీ లేదు. నార్వేలో బెర్గెన్ డాక్టర్లు అదే సంవత్సరం దీన్ని ప్రయత్నించి బాగుందన్నారు, పేరు దేశదేశాలకీ పాకింది. తర్వాతి కాలంలో జాగ్రత్తగా చూసినప్పుడు అంత ప్రయోజనం కనపడలేదు, ఎర్ర గదులు మూతపడ్డాయి. ఆయనకి పేరు తెచ్చిన మొదటి ఆలోచన నిలబడలేదన్నమాట.

రెండోది నిలబడింది. లూపస్ వల్గారిస్ అని ఒక జబ్బు. ఊపిరితిత్తులకి వచ్చే క్షయే చర్మానికి, ఎక్కువగా ముఖానికి వస్తుంది. ముక్కు, బుగ్గలు, పెదవులు ఏళ్ళ తరబడి నెమ్మదిగా తినేస్తుంది. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. చిన్న వయసులో మొదలయ్యేది. ప్రాణం వెంటనే పోదు, కానీ మనిషి ముఖం చూపించుకోలేడు. ఉద్యోగం ఉండదు, పెళ్ళి కాదు, ముసుగు లేకుండా వీధిలోకి రాలేరు. కోసి తీసేయడం, కాల్చడం, ఘాటు మందులు పూయడం తప్ప డాక్టర్ల దగ్గర ఏమీ ఉండేది కాదు, ఆ వైద్యం మిగిల్చే మచ్చలు కూడా జబ్బు అంత వికారంగా ఉండేవి.

క్షయ సూక్ష్మజీవిని 1882లో కోక్ కనిపెట్టారు. వెలుగుకి సూక్ష్మజీవులు చస్తాయని డౌన్స్, బ్లంట్ చెప్పారు. ఈ జబ్బు చర్మంలో ఉంది, వెలుగు చర్మం మీద పడుతుంది. ఈ మూడూ కలిపి చూసినవాడు ఫిన్సెన్. 1895 నవంబరులో కోపెన్‌హాగెన్‌లో నీల్స్ మొగెన్సెన్ అనే ఇంజనీరు ఆయన దగ్గరకి వచ్చారు. ఏళ్ళుగా ముఖం మీద లూపస్, అన్ని వైద్యాలూ అయిపోయాయి. నవంబరులో కోపెన్‌హాగెన్‌కి ఎండ ఎక్కడిది? అందుకని కరెంటు కంపెనీ ఆవరణలోనే, కార్బన్ ఆర్క్ దీపంతో వైద్యం మొదలుపెట్టారు. రోజూ గంటల తరబడి అంగుళం అంగుళం చొప్పున ముఖం మీద వెలుగు. కొన్ని నెలల్లో పుళ్ళు మానాయి.

అయితే ఊరికే దీపం ముందు కూర్చోబెడితే నయమైపోలేదు. అసలు ఇంజనీరింగ్ అంతా ఇక్కడే ఉంది. దీపం వేడి చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి వెలుగు దారిలో నీళ్ళు పెట్టి వేడిని ఆపారు. ఎండతో చేసేటప్పుడు కటకం లోపల నీలిరంగు రాగి ద్రావణం నింపి ఎరుపు, పసుపు కిరణాల్ని వడగట్టారు. మామూలు గాజు పొట్టి కిరణాల్ని మింగేస్తుందని కటకాలు క్వార్ట్జ్‌తో చేయించారు. మన స్టెరిలైజర్‌లో దీపం చుట్టూ గాజు కాకుండా క్వార్ట్జ్ గొట్టం ఉండటానికి కారణమూ ఇదే.

ఇంత చేసినా వెలుగు చర్మంలోకి తగినంత లోతుకి దిగలేదు. అడ్డం ఏమిటి? దీనికి ఆయన చేసిన పరీక్ష భలే ఉంటుంది. చెవి తమ్మె వెనకాల ఫోటో కాగితం ముక్క పెట్టి ముందు నుంచి వెలుగు వేశారు. నిమిషాలు గడిచినా కాగితం నల్లబడలేదు. అదే తమ్మెని రెండు గాజు పలకల మధ్య నొక్కి నెత్తురు అవతలికి పోయేలా చేస్తే కొద్ది సెకన్లలో నల్లబడింది. అడ్డం వస్తున్నది నెత్తురు! అప్పటి నుంచి చికిత్స చేసే చోట, లోపల చల్లటి నీళ్ళు పారే క్వార్ట్జ్ బిళ్ళతో చర్మాన్ని నొక్కిపట్టేవారు. ఒక పెద్ద ఆర్క్ దీపం చుట్టూ నాలుగు గొట్టాలు, ఒక్కో గొట్టం కింద ఒక రోగి, ఒక్కో రోగి పక్కన బిళ్ళ కదలకుండా పట్టుకుని గంటకి పైగా కూర్చునే నర్సు. రూపాయి కాసంత చోటు ఒక రోజు పని. ముఖమంతా అయ్యేసరికి నెలలు. ఆ నర్సుల పేర్లు పుస్తకాల్లో కనపడవు కానీ, నన్నడిగితే బహుమతిలో సగం వాళ్ళ చేతులది.

1896లో హాగెమాన్, యోర్గెన్సెన్ అనే ఇద్దరు దాతల సాయంతో, ప్రభుత్వ, నగరపాలక సహకారంతో ఫిన్సెన్ పేరిట వైద్య కాంతి సంస్థ మొదలైంది. 1901 వరకు చికిత్స పొందిన 804 మంది లూపస్ రోగుల లెక్క తీస్తే 83 శాతం మందికి నయమైంది. డెన్మార్క్ రాజకుమార్తె అలెగ్జాండ్రా ఇంగ్లండు రాజకుటుంబం కోడలు. ఆవిడ 1900లో ఒక ఫిన్సెన్ దీపాన్ని లండన్ హాస్పిటల్‌కి బహూకరించారు. ఏళ్ళ తరబడి ఇంట్లో దాక్కున్నవాళ్ళు ముసుగులు తీసి బయటికి రావడం మొదలైంది.

ఇంతమందిని వెలుగులోకి తెచ్చిన మనిషి తను మాత్రం కుర్చీకి పరిమితమైపోయారు. చివరి సంవత్సరాల్లో చక్రాల కుర్చీ, పొట్టలో చేరే నీటిని మళ్ళీ మళ్ళీ తీయించుకోవడం. తన వైద్యం తన జబ్బుకి పనికిరాదని ఆయనకి తెలుసు, ఆ కిరణం కాలేయం దాకా దిగదు. అప్పుడు కూడా ఆయన చేసింది ఏమిటంటే తనమీద తనే ప్రయోగం. తినేది, తాగేది, బయటికి పోయేది రోజూ తూచి రాసుకున్నారు. ఒంట్లో ఉప్పు పేరుకుంటోందని, ఉప్పు తగ్గిస్తే నీరు తగ్గుతోందని చూశారు. ఉప్పు మీద ఆయన వ్యాసం 1904లో వచ్చింది. సర్వర్ పడిపోతున్నా లాగ్ ఫైలు రాస్తూనే ఉండటం అంటే ఇదే కాబోలు.

1903 డిసెంబరులో నోబెల్ వచ్చింది. దానికి ముందు సంవత్సరం అదే బహుమతి రోనాల్డ్ రాస్‌ది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా జాడ పట్టుకున్న ఆయనే. స్టాక్‌హోమ్‌కి వెళ్ళే ఓపిక ఫిన్సెన్‌కి లేదు. వచ్చిన డబ్బులో 50 వేల క్రోనర్లు తన సంస్థకి, 60 వేల క్రోనర్లు గుండె, కాలేయం జబ్బుల వాళ్ళ కోసం ఒక ఆరోగ్యకేంద్రానికి ఇచ్చారు. 1904 సెప్టెంబరు 24న కన్నుమూశారు. వయసు 43.

ఆ తర్వాత వెలుగు వైద్యం, ఎండ వైద్యం ప్రపంచమంతా వ్యాపించాయి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం సంగతి రాయలసీమ వాళ్ళకి తెలిసే ఉంటుంది. 1910ల్లో అది మొదలైనప్పుడు మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్ కూడా డెన్మార్క్ నుంచే వచ్చారు. క్షయకి మందు లేని కాలం అది. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ఫిన్సెన్ దీపాలతో పని లేకపోయింది.

నీళ్ళ వైపు కథ ఇంకో దారిన నడిచింది. పాదరసం దీపం, క్వార్ట్జ్ గొట్టం వచ్చాక 1910లో ఫ్రాన్సులో మార్సెయ్ నగరంలో తాగునీటిని అతినీలలోహిత కిరణాలతో శుభ్రం చేసే ప్రయత్నం జరిగింది. ఇక్కడ హాక్స్ బేలో, హావ్లాక్ నార్త్ ఊళ్ళో 2016 ఆగస్టులో ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శుద్ధి చేయని బోరు నీళ్ళలో కాంపిలోబాక్టర్ కలిసి ఐదు వేలమందికి పైగా జబ్బుపడ్డారు, నాలుగు మరణాలు కూడా దానికి ముడిపడ్డాయి. ఆ తర్వాత ఆ ఊరి నీళ్ళకి క్లోరినుతో పాటు యూవీ దీపాలూ పెట్టారు. మా తొట్టెకి ఉన్నది దానికే బుల్లి తమ్ముడు.

చివరగా ఒక సంగతి, ఇది చదివాక నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. డెన్మార్క్ పరిశోధకులు పాత ఫిన్సెన్ దీపాల్నీ, కటకాల్నీ, వడపోత ద్రావణాల్నీ తీసి ఇప్పటి పరికరాలతో కొలిచి 2005లో ఫలితాలు ప్రకటించారు. అంత శ్రమపడి క్వార్ట్జ్ కటకాలు పెట్టినా, 340 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలు ఆ దీపాల్లోంచి రోగి దాకా చేరనే లేదట. అంటే మా తొట్టె దీపం చేసే పని ఆ దీపం చేయలేదు. మరి 83 శాతం మందికి ఎలా నయమైంది? క్షయ సూక్ష్మజీవి తనలోనే పోర్ఫిరిన్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. ఊదా వైపు వెలుగు తగిలితే అది ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి ఆ సూక్ష్మజీవినే చంపేస్తుంది, బహుశా జరిగింది అదే అని వాళ్ళు వివరించారు. మందు పనిచేసింది, అది పనిచేయడానికి కారణం మాత్రం తెలియడానికి వందేళ్ళు పట్టింది.

కోపెన్‌హాగెన్‌లో రిగ్స్‌హాస్పిటల్ పక్కన, బ్లెగ్‌డామ్స్‌వై వీధి మూలలో ఆయన స్మారకం ఉంది. 1909లో రుడోల్ఫ్ టెగ్నర్ చెక్కినది. అందులో ఫిన్సెన్ బొమ్మ లేదు. నిలబడ్డ ఒక మగవాడు, మోకాళ్ళ మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు వెలుగు వైపు చేతులు చాస్తూ ఉంటారు. దాని పేరు వెలుగు వైపు. అటు వెళ్ళే మిత్రులెవరైనా ఉంటే ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి.